వేడికి ఎదిగే గడ్డి.. చలికి ఆగే గడ్డి
పచ్చిమేత దిగుబడిని, నాణ్యతను నిర్ణయించేది ఉష్ణోగ్రతే

కొత్తగూడ (శేరిలింగంపల్లి): ఎండాకాలం వచ్చిందంటే గడ్డి మాడిపోతుందని, పచ్చిమేతకు ఎండే శత్రువని పాడి పశువుల పోషకుల్లో బలమైన నమ్మకం ఉంది. వాస్తవం కొంత భిన్నం. మన ప్రాంతంలో సాగయ్యే పశుగ్రాసాల్లో అధికభాగం ఎండను కోరుకునే మొక్కలే. వేసవిలో వాటిని మాడ్చేది ప్రధానంగా నీటి కొరత. నీరు పుష్కలంగా ఉన్నా వాటి ఎదుగుదలను నిలిపివేసేది డిసెంబరు, జనవరి నెలల రాత్రి చలి. ఈ తేడా తెలియకపోతే శీతాకాలంలో మేత చాలదు. వేసవిలో మేత ఉన్నా అందులో సత్తువ ఉండదు. రెండు సందర్భాల్లోనూ తగ్గేది పాలే, పెరిగేది దాణా ఖర్చే.

కంచ నేలల్లో కాంక్రీటు

కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి పరిసరాలు ఒకప్పుడు పశువులు మేసిన బీళ్లు. పశువుల మేతకు విడిచిన నేలను తెలంగాణలో ‘కంచ’ అని పిలవడం పరిపాటి. కంచ గచ్చిబౌలి అనే పేరులో ఆ జ్ఞాపకం ఇప్పటికీ మిగిలి ఉంది. అక్కడి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేయడంతో ఆ పేరు దేశమంతటా వినిపించింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఈ ప్రాంత రూపురేఖలు వేగంగా మారిపోయాయి. నేడు కొత్తగూడలో పచ్చదనం పెద్ద విస్తీర్ణంలో కనిపించేది సుమారు 270 ఎకరాల కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌లోనే.

బీళ్లు పోయినా నగరం అంచుల్లో పాడి పూర్తిగా పోలేదు. గేదెలను సాకుతున్న కుటుంబాలు పచ్చిమేతను కొని తెచ్చుకోవడమో, ఉన్న కొద్దిపాటి చెలకలో పెంచుకోవడమో చేయక తప్పడం లేదు. మూసీ తీరాన మురుగునీటి పారుదల కింద పెరిగే పారా గడ్డి దశాబ్దాలుగా నగరంలోని పశువులకు ఆధారంగా నిలిచింది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు సైతం ఈ సాగును 2000 తొలి ఏళ్లలో అధ్యయనం చేశారు. ఏడాది పొడవునా నీరు అందే ఈ పొలాల్లోనూ చలికాలంలో కోతకూ కోతకూ మధ్య వ్యవధి పెరుగుతుంది. నీరు తగ్గనప్పుడు ఎదుగుదల ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు సమాధానం ఉష్ణోగ్రతలో ఉంది.

ఆకులో జరిగేది ఏమిటి?

మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకుల ద్వారా గ్రహించి, సూర్యకాంతి సాయంతో చక్కెరగా మార్చుకుంటాయి. ఈ పని చేసే పద్ధతిని బట్టి పశుగ్రాస మొక్కలు రెండు తెగలుగా విడిపోతాయి. వీటిని శాస్త్రజ్ఞులు సీ3, సీ4 మొక్కలని వ్యవహరిస్తారు.

వరి, గోధుమ, లూసర్న్, బర్సీం, అలసంద వంటివి సీ3 తెగకు చెందినవి. వేడి పెరిగేకొద్దీ వీటి ఆకుల్లో ఒక చిక్కు ఏర్పడుతుంది. బొగ్గుపులుసు వాయువును పట్టుకోవాల్సిన ఎంజైము పొరపాటున ప్రాణవాయువును పట్టుకోవడం ఎక్కువవుతుంది. దీంతో తయారైన శక్తిలో కొంత వృథా అవుతుంది.

జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, నేపియర్, గినీ గడ్డి, పారా గడ్డి, చివరకు మన గట్ల మీద పాకే గరిక కూడా సీ4 తెగలోనివే. ఇవి బొగ్గుపులుసు వాయువును ముందుగా ఆకు లోపలి ప్రత్యేక కణాల్లోకి చేరవేసి, అక్కడ దాని సాంద్రతను పెంచి వాడుకుంటాయి. అందువల్ల ఎండ తీవ్రంగా ఉన్నా వృథా స్వల్పం. అంతే పెరుగుదలకు నీటి ఖర్చు కూడా తక్కువ. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో హాచ్, స్లాక్ అనే శాస్త్రజ్ఞులు చెరకు ఆకులపై పరిశోధనలు చేసి 1966లో ఈ మార్గాన్ని వివరించారు.

ఈ సౌకర్యానికి మరో పార్శ్వమూ ఉంది. సీ4 గడ్డిజాతులకు 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అత్యంత అనుకూలం. ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు పడిపోతే ఎదుగుదల బాగా మందగిస్తుంది. 10 డిగ్రీల సమీపంలో దాదాపు ఆగిపోతుంది. చలి అలాగే కొనసాగితే ఆకులు పసుపు, ఊదా రంగులకు తిరుగుతాయి. లూసర్న్ వంటి చలి పైర్లు మాత్రం 20 నుంచి 25 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతాయి. స్టైలో, దశరథ గడ్డిగా పిలిచే హెడ్జ్ లూసర్న్, సుబాబుల్ వంటి ఉష్ణమండల పప్పుజాతి మొక్కలు సీ3 తెగవే అయినా వేడి ప్రాంతాలకు అలవాటు పడినవి. వీటికి 25 నుంచి 30 డిగ్రీలు అనుకూలం.

వేళ్ల మీద లెక్కించవచ్చు

హైదరాబాద్ పరిసరాల్లో మే నెల పగటి ఉష్ణోగ్రత సగటున 39 నుంచి 40 డిగ్రీల వరకు ఉంటుంది. డిసెంబరు రాత్రి ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. బేగంపేట కేంద్రంలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల గరిష్ఠం, 1946 జనవరి 8న 6.1 డిగ్రీల కనిష్ఠం నమోదయ్యాయి. చలికాలంలో నగరం మొత్తంమీద అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచూ కొత్తగూడకు చేరువలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిసరాల్లోనే నమోదవుతుంటాయి. అంటే మన ప్రాంతంలోని గడ్డి ఏటా రెండు కొసలనూ చవిచూస్తుంది.

చలికాలంలో కోత ఎంత ఆలస్యమవుతుందో రైతులు సులువుగా అంచనా వేసుకోవచ్చు. రోజులోని గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కూడి సగం చేయాలి. వచ్చిన సగటు నుంచి, ఎదుగుదల మొదలయ్యే హద్దుగా 10 డిగ్రీలను తీసివేయాలి. మిగిలినది ఆ రోజు మొక్కకు దక్కిన ‘పనికొచ్చే వేడి’.

జూన్‌లో గరిష్ఠం 34, కనిష్ఠం 24 అనుకుంటే సగటు 29. అందులో పది తీసివేస్తే 19. డిసెంబరులో గరిష్ఠం 28, కనిష్ఠం 15 అనుకుంటే సగటు 21.5. పది పోగా మిగిలేది 11.5 మాత్రమే. జూన్‌లో 45 రోజులకు కోతకు వచ్చే నేపియర్‌కు 45ను 19తో హెచ్చించగా 855 మార్కుల వేడి దక్కుతుంది. డిసెంబరులో అంతే వేడి కూడాలంటే దాదాపు 74 రోజులు పట్టాలి. పొలంలో నీరు, ఎరువు, పగటి నిడివిని బట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది. అయినా చలికాలంలో ‘ఎరువు చాలలేదేమో’ అని యూరియా మీద యూరియా చల్లే ముందు ఈ లెక్కను గుర్తు చేసుకోవడం మేలు. మొక్క ఎదగని రోజుల్లో వేసిన నత్రజనిలో కొంత నేలపాలవుతుంది.

వేడి పెంచేది బరువే, బలం కాదు

వేడికి గడ్డి గబగబా పెరిగినంత మాత్రాన పాలు పెరగవు. ఉష్ణోగ్రత అధికమైనప్పుడు మొక్క తన వయసును తొందరగా ముగించుకుంటుంది. కాడ సాగుతుంది, ఆకు వాటా తగ్గుతుంది. కణాల గోడల్లో లిగ్నిన్ అనే కట్టె పదార్థం పేరుకుంటుంది. పశువు కడుపులోని సూక్ష్మజీవులు లిగ్నిన్‌ను జీర్ణం చేయలేవు. పైగా దానితో అల్లుకున్న పీచును కూడా అందుకోలేవు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ ఉష్ణమండల గడ్డి జీర్ణమయ్యే గుణం సుమారు అర శాతానికి పైగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పది డిగ్రీల తేడా వస్తే నష్టం ఎంతో ఊహించవచ్చు.

ఉష్ణమండల దేశాల్లో గడ్డి విస్తారంగా పండినా, చల్లని దేశాల గడ్డితో పోలిస్తే దాని పోషక విలువ తక్కువగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. మోపు బరువును చూసి మురిసిపోయే పోషకుడు గమనించాల్సింది కాడ ఎంత ముదిరిందన్నదే. వేలితో నొక్కితే విరగని, నమిలితే పిప్పి మిగిలే కాడలను గేదె తొట్టిలోనే వదిలేస్తుంది. డబ్బు పెట్టి కొన్న గడ్డిలో ఆ మేరకు వృథాయే.

వేడి రాత్రుల ప్రభావం మరొకటి. చీకటి పడ్డాక మొక్క చక్కెరను తయారు చేయదు. పగలు కూడబెట్టిన దానిని శ్వాసక్రియకు ఖర్చు చేస్తుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. కాంక్రీటు గోడలు, తారు రోడ్లు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి నెమ్మదిగా వదులుతాయి. కట్టడాలు దట్టమైన ప్రాంతాల్లో రాత్రులు వెచ్చగా ఉండటానికి కారణమిదే. ఇటువంటి చోట పెరిగే గడ్డికి వేసవి రాత్రులు నష్టం. చలికాలంలో మాత్రం అదే వెచ్చదనం కొంత మేలు చేయగలదు. చెట్ల నీడ, ఆవరించిన నేల ఉన్న చోట పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంటుంది.

నేల కూడా కాగుతుంది

రంగారెడ్డి జిల్లాలో అధికంగా ఉన్న ఎర్ర చెలకలు తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. మే నెల మధ్యాహ్నం ఏ ఆచ్ఛాదనా లేని నేల పైపొర 50 డిగ్రీలకు మించి వేడెక్కగలదు. ఈ వేడికి లేత వేళ్లు, కొత్త పిలకలు దెబ్బతింటాయి. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, నీరు కూడా అందకపోతే మొక్క ఆకు రంధ్రాలను మూసుకుంటుంది. ఆకు చల్లబడే మార్గం మూసుకుపోయి కొసల నుంచి ఎండటం మొదలవుతుంది. ఎండను ఇష్టపడే గడ్డి ఎండకే లొంగిపోయేది ఈ దశలోనే.

అందువల్ల వేసవిలో గడ్డిని నేలమట్టానికి కోయడం సరికాదు. 10 నుంచి 15 సెంటీమీటర్ల మోడు వదిలితే మొదళ్లకు నీడ దక్కుతుంది, పిలకలు త్వరగా వస్తాయి. పశువులు వదిలేసిన కాడలను, ఎండుటాకును వరుసల మధ్య పరిస్తే నేల కాగడం తగ్గుతుంది. తడిని ఒకేసారి ఎక్కువగా పెట్టడం కన్నా తక్కువ వ్యవధిలో, ఉదయం లేదా సాయంత్రం పెట్టడం మంచిది.

జొన్న నాముతో జాగ్రత్త

ఎండతో ముడిపడిన అసలైన ప్రాణగండం లేత జొన్నలో ఉంది. జొన్న మొక్కలో దురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు దాని నుంచి హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదలవుతుంది. లేత దశలో ఇది అధికం. వానలు ముఖం చాటేసి మొక్క వాడినప్పుడు, కోసిన మోళ్ల నుంచి కొత్త పిలకలు వచ్చినప్పుడు మరింత ప్రమాదకరం. పల్లెల్లో ‘నాము తగలడం’ అనేది ఇదే. ఆకలితో ఉన్న పశువు వాడిన లేత జొన్నలో పడితే కొద్ది నిమిషాల్లోనే ఊపిరాడక నేలకూలే ప్రమాదం ఉంది.

పూత దశకు చేరిన తర్వాతే జొన్నను కోసి మేపాలి. బెట్టకు వాడిన పైరుకు నీరు పెట్టి, తిరిగి కోలుకుని పెరిగాకే వాడాలి. కోసిన చొప్పను బాగా ఎండబెడితే విషం చాలావరకు తగ్గుతుంది. పశువు నురగలు కక్కుతూ, తూలుతూ కనిపిస్తే నాటు వైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే పశువైద్యుడిని పిలవాలి. సకాలంలో ఇంజెక్షన్ అందితే బతికించే అవకాశం ఉంటుంది. సజ్జ, మొక్కజొన్నల్లో ఈ విషం బెడద లేదు. నీటి వసతి నమ్మకం లేని చోట వేసవి పచ్చిమేతకు జొన్న కన్నా సజ్జ క్షేమం.

కాలానికి తగిన మేత

ఉష్ణోగ్రతను మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. దానికి తగినట్లు పైరును, కోతను మార్చుకోవడం మాత్రం పోషకుడి చేతిలోని పనే. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అఖిల భారత పశుగ్రాస పరిశోధన పథకం కేంద్రం పని చేస్తోంది. సజ్జ, నేపియర్‌ల సంకర రకం ఏపీబీఎన్-1 ఇక్కడ రూపొందినదే. నగర శివారు మామిడిపల్లిలో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం ఉంది. 1962లో ఝాన్సీలో ఏర్పాటైన భారతీయ పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ దేశమంతటికీ సిఫారసులు అందిస్తోంది.

వానాకాలం: వేడి, తేమ రెండూ కలిసొచ్చే కాలమిది. నేపియర్ కణుపులు, గినీ గడ్డి వేర్ల పిలకలు జూన్, జులై నెలల్లో నాటుకోవాలి. నేపియర్ తొలి కోత 70 నుంచి 75 రోజులకు, తర్వాతి కోతలు 40 నుంచి 45 రోజులకు వస్తాయి. స్టైలో, హెడ్జ్ లూసర్న్, సుబాబుల్ విత్తనాల పైపొర గట్టిది. సుమారు 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి చన్నీటిలో నానబెట్టి విత్తితే మొలక బాగుంటుంది. నీళ్లు మరుగుతున్నప్పుడు వేస్తే విత్తనం ఉడికిపోతుంది.

చలికాలం: నేపియర్ మందగించే ఈ రోజుల్లో లోటును లూసర్న్ తీరుస్తుంది. అక్టోబరు, నవంబరులలో విత్తితే తొలి కోత రెండు నెలలకు, ఆ తర్వాత 25 నుంచి 30 రోజులకొకటి అందుతుంది. మాంసకృత్తులు అధికంగా ఉండటంతో దాణా ఖర్చు కొంత కలిసివస్తుంది. అయితే ఒక్క లూసర్నే కడుపునిండా మేపితే కడుపు ఉబ్బరం వస్తుంది. ఎండుగడ్డితోనో, చొప్పతోనో కలిపి ఇవ్వాలి. పగటి వేళ తగ్గే ఈ కాలంలో నేపియర్ పూతకు వచ్చి కాడ గట్టిపడుతుంది. ఎత్తు పెరగలేదని ఎదురుచూడకుండా పూత కనిపించగానే కోయడం మంచిది. కొత్తగా నేపియర్ నాటడానికి డిసెంబరు, జనవరి నెలలు అనువు కావు. ఫిబ్రవరి, మార్చి వరకు ఆగాలి.

వేసవి: నీరున్న చోట గడ్డి వేగంగా పెరుగుతుంది, అంతే వేగంగా ముదురుతుంది. అలవాటు ప్రకారం 45 రోజులు లెక్కపెట్టకుండా కాడ లేతగా ఉన్నప్పుడే, అవసరమైతే వారం ముందే కోతకు దిగాలి. మోపు బరువు కొంత తగ్గినా పశువుకు ఒంటబట్టేది ఎక్కువ. చాఫ్ కట్టర్‌తో ముక్కలు చేస్తే వృథా తగ్గుతుంది. పప్పుజాతి ఆకును కలిపితే వేసవి గడ్డిలో లోపించే మాంసకృత్తులు భర్తీ అవుతాయి. పశువు కూడా మధ్యాహ్నపు ఎండలో మేత తగ్గిస్తుంది. కాబట్టి పచ్చిమేతను తెల్లవారుజామున, పొద్దుగూకిన తర్వాత వేయడం ఉత్తమం.

మిగులును దాచుకుంటే లోటు లేదు

వేడి, తేమ కలిసిన నాలుగు నెలల్లో పెరిగిన గడ్డిని చలికాలానికి, నడి వేసవికి అందించగల మార్గం పాతర గడ్డి. మొక్కజొన్నను కంకి పాలు పోసుకున్న దశలో, జొన్నను పూత దాటిన దశలో కోయాలి. ముక్కలు చేసి, గాలి చొరబడకుండా గట్టిగా తొక్కి కప్పిపెడితే 30 నుంచి 45 రోజుల్లో పులిసి సిద్ధమవుతుంది. గొయ్యి తవ్వే చోటు లేనివారు మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో, మూత బిగించే డ్రమ్ముల్లో తయారు చేసుకోవచ్చు. గాలి ఆడకుండా ఉన్నంతకాలం నెలల తరబడి చెడదు. ఇరుకు స్థలంలో నాలుగైదు గేదెలను సాకే నగర పోషకులకు ఇది అనువైన పద్ధతి.

పాడి లాభనష్టాలను తేల్చేది మేత ఖర్చే. బీడు ఉన్న రోజుల్లో పశువే తిరిగి తనకు కావలసిన లేత గడ్డిని ఏరుకునేది. కంచలు కరిగిపోయిన ఈ ప్రాంతంలో ఆ ఎంపిక బాధ్యత మనిషి మీద పడింది. వాతావరణ సమాచారంలో వచ్చే గరిష్ఠ, కనిష్ఠ అంకెలు దుప్పటి తీయడానికో, గొడుగు పట్టడానికో మాత్రమే కాదు. ఏ పైరు ఎప్పుడు వేయాలో, మోపు ఎన్నో రోజున కోయాలో చెప్పే అంకెలు కూడా అవే. వాటిని చూసి కొడవలి పట్టిన ఇంట పాలచెంబు నిండుతుంది.